టీపాయ్ మీద గోధుమ నారు

ఉగాదికి పది రోజుల ముందు గోధుమలు నానబోసి, గాజు గిన్నెలోనో పాత ట్రేలోనో మొలిపించి, పండుగ పూటకు జానెడు పచ్చగడ్డిని హాల్లో టీపాయ్ మీద పెట్టుకోవడం ఈమధ్య హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం అపార్ట్‌మెంట్లలో అక్కడక్కడ కనిపిస్తోంది. గడ్డి మధ్యలో చిన్న దీపం, గిన్నె చుట్టూ రంగు రిబ్బను, పక్కనే ఉగాది పచ్చడి. చూడ్డానికి వచ్చినవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. ఫోన్లో చూసి నేర్చుకున్న పరాయి సరదా అని కొందరు, గుళ్ళో పాలికలే కదా, ఇందులో కొత్తేముంది అని కొందరు. ఇద్దరి మాటలోనూ సగం సగం నిజముంది. నా లెక్క ముందే చెప్పేస్తాను: గింజను ఇంట్లో మొలిపించడం మనకు పాతే. వసంతంలో, అలంకారం కోసం మొలిపించడం మాత్రం కొత్త. ఇబ్బందులన్నీ ఆ రెండో ముక్కలోంచే వస్తున్నాయి.

ముందు గుడి సంగతి. తిరుమల బ్రహ్మోత్సవాలు మొదలయ్యే ముందురోజు సాయంత్రం అంకురార్పణ చేస్తారు. స్వామివారి సేనాధిపతి విష్వక్సేనుడు ఊరేగింపుగా ఆలయానికి నైరుతి దిక్కున ఉన్న వసంత మండపానికి వెళ్తాడు. అక్కడ భూమిపూజ చేసి మట్టి తెస్తారు. ఆ మట్టిని పాలికలనే పాత్రల్లో నింపి నవధాన్యాలు చల్లుతారు. మొలకలకు అధిపతి చంద్రుడు గనుక పొద్దు గూకాకే ఈ పని. భద్రాచలంలో శ్రీరామనవమి ఉత్సవాలకూ అంకురార్పణ ఉంటుంది, అది చైత్రంలోనే. పెళ్ళిళ్ళలోనూ మట్టి మూకుళ్ళలో పుట్టమన్ను పోసి ముత్తయిదువల చేత గింజలు చల్లించే ఆనవాయితీ చాలా ఇళ్ళలో ఉంది. అయితే ఇక్కడ మొలకకు రుతువుతో పనిలేదు. ఉత్సవం ఏ నెలలో వస్తే ఆ నెలలోనే పాలికలు. గోధుమ తొమ్మిదింటిలో ఒకటి, అంతే. పైగా ఎవరూ దాన్ని తెచ్చి నలుగురికీ కనబడేచోట పెట్టరు. యాగశాలలో ఓ మూల దాని పని అది చేసుకుంటుంది, ఉత్సవం అయ్యాక నీళ్ళలో కలుస్తుంది. కాబట్టి టీపాయ్ మీద గిన్నెకు పాలికలను పెద్దదిక్కుగా చూపించడం సగం వరకే చెల్లుతుంది.

గోధుమ నారుకు అచ్చంగా తనదైన పండుగ తెలంగాణలో ఒకటుంది, దాన్ని ఈ చర్చలో ఎవరూ తలుచుకోకపోవడం వింతగా ఉంటుంది. అది లంబాడాల తీజ్. శ్రావణంలో తొమ్మిది రోజులు. తండాలోని పెళ్ళికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను, పశువుల ఎరువు కలిపి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. బుట్టలన్నీ తండా నాయక్ ఇంటి దగ్గర ఒకచోట చేరుస్తారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అమ్మాయిలంతా బిందెలతో నీళ్ళు తెచ్చి, పాటలు పాడుతూ చిలకరిస్తారు. బోరడీ ఝష్కేరో అని ఒక వేడుక: రేగుముళ్ళకు నానిన గింజలు గుచ్చాలి. గుచ్చుతుంటే వరసైనవాళ్ళు కొమ్మ కదిలించి ఏడిపిస్తారు, ముల్లు దిగినా పిల్ల కిమ్మనకూడదు. ఢమోళి నాడు రొట్టె, బెల్లం, నెయ్యి కలిపిన చుర్మో మేరామ తల్లికి నైవేద్యం. చివర్లో మట్టితో గణగోర్ బొమ్మలు చేస్తారు. తొమ్మిదో రోజు బుట్టలు నెత్తిన పెట్టుకుని చెరువుకో వాగుకో వెళ్తారు. నిమజ్జనానికి ముందు కొన్ని మొలకలు తుంచి అన్నదమ్ముల తలపాగాల్లో దోపుతారు. నారు దట్టంగా, ఏపుగా వస్తే ఆ ఏడు పంటలు బాగుంటాయని, పిల్లకు మంచి సంబంధం కుదురుతుందని నమ్మకం. పట్నం వచ్చి స్థిరపడిన లంబాడా కుటుంబాలు ఇప్పుడు కాలనీల్లో, ఫంక్షన్ హాళ్ళలో తీజ్ జరుపుకుంటున్నాయి.

తీజ్ గురించి రాసేవాళ్ళు తరచుగా ఒక వివరణ ఇస్తారు. పూర్వం రైతులు విత్తనం మొలక శాతాన్ని పరీక్షించుకునే పద్ధతే పండుగగా మారిందని. వినసొంపుగానే ఉంటుంది, నాకు మాత్రం నమ్మకం కుదరదు. తెలంగాణలో గోధుమ సాగు ఏనాడూ పెద్దగా లేదు. ఉన్న కొద్దిపాటి సాగూ ఆదిలాబాద్ వైపు, జహీరాబాద్ వైపు, అదీ యాసంగిలో. శ్రావణం నాటికి తండా పొలాల్లో జొన్న, మొక్కజొన్న, పత్తి అప్పటికే లేచి ఉంటాయి. కార్తీకంలో వేసే పంటకు శ్రావణంలో, అదీ తాము ఎక్కువగా వేయని పంటకు, మొలక పరీక్ష ఎవరు చేస్తారు? లంబాడాలు వాయవ్య భారతం నుంచి, గోధుమ నేలల నుంచి దిగివచ్చినవాళ్ళు. గింజ ఆ నేల జ్ఞాపకం అనుకుంటే లెక్క సరిపోతుంది. వాళ్ళ భాష గోర్‌బోలిలో పాట ఎలా వెంట వచ్చిందో గోధుమ కూడా అలాగే వచ్చింది. నవధాన్యాల పాలికలకైతే విత్తన పరీక్ష వాదం కొంత అతుకుతుంది, ఎందుకంటే అందులోవి చాలావరకు ఇక్కడ పండే గింజలే.

వసంతంలో గోధుమ మొలిపించే ఆచారాలు ఎక్కడున్నాయో చూస్తే ఒక వరస కనబడుతుంది. రాజస్థాన్‌లో హోలీ మర్నాటి నుంచి గణగౌర్ వ్రతం. హోలీ బూడిద కలిపిన మట్టిలో గోధుమో బార్లీయో చల్లుతారు. మన నగరంలోని మార్వాడీ ఇళ్ళలోనూ ఇది నడుస్తుంది. ఉత్తరాది వాళ్ళ చైత్ర నవరాత్రుల్లో కలశం దగ్గర బార్లీ మొలకలు. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలతో పాటు ఆ కలశాలూ వచ్చాయి. ఇరాన్‌లో మార్చి 20, 21 తేదీల్లో వచ్చే నౌరోజ్ పండుగ బల్ల మీద సబ్జే ఉండితీరాలి: పళ్ళెంలో పెంచిన గోధుమ లేదా చిరుశనగ నారు, నడుముకు ఎర్ర రిబ్బను. పదమూడో రోజున దాన్ని పారే నీళ్ళలో వదులుతారు. టీపాయ్ మీది గిన్నెకు నిజమైన మేనత్త ఇదే, రిబ్బనుతో సహా. యూరప్‌లో ఇంకాస్త ముందే మొదలుపెడతారు. ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్‌లో డిసెంబరు 4న, క్రొయేషియాలో డిసెంబరు 13న పళ్ళేల్లో గోధుమలు వేసి క్రిస్మస్ బల్ల మీద పెడతారు. ఈజిప్టులో ఒసైరిస్ బొమ్మ ఆకారపు చెక్క పెట్టెలో మట్టి నింపి ధాన్యం మొలిపించి సమాధిలో పెట్టేవారు. 1922లో బయటపడ్డ టూటన్‌ఖామున్ సమాధిలో అలాంటిదొకటి దొరికింది.

మంచు కురిసే దేశాల్లో, చలికి చెట్లన్నీ మోడువారే చోట్ల, కంటికి పచ్చదనం కరువైన రోజుల్లో గింజను ఇంట్లోకి తెచ్చుకున్నారు. ఆ ఆకలి మనకు లేదు. ఉగాది నాటికి ఉప్పల్ వీధుల్లో కానుగ చెట్లు కొత్తాకు తొడుగుతాయి, చూస్తే నూనె రాసినట్టు మెరుస్తుంటాయి. వేప పూస్తుంది, రావి లేత రాగిరంగు చిగురేస్తుంది. గుమ్మానికి మామిడాకు ఉండనే ఉంది. చైత్రంలో మనకు పచ్చదనం బయట దొరుకుతుంది, దొరకనిది చల్లదనం. గోధుమ నారుకు కావలసింది సరిగ్గా ఆ చల్లదనమే.

గోధుమ 20, 25 డిగ్రీల మధ్య హాయిగా మొలుస్తుంది. హైదరాబాద్‌లో మార్చి రెండోవారం నాటికే పగటివేడి 35కు అటూ ఇటూ ఉంటుంది. ఉగాది ఒక్కో ఏడు ఒక్కో తేదీన వస్తుంది: 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. మార్చిలో వచ్చిన ఉగాదికి పెట్టిన గిన్నె నిలబడుతుంది. ఏప్రిల్‌లో వచ్చిన ఉగాదికి అదే గింజ, అదే గిన్నె, అదే చెయ్యి అయినా మూడోనాడే పుల్లటి వాసన కొడుతుంది. చాలామంది దీన్ని తమ చేతి తప్పు కింద జమకట్టి బాధపడతారు. నిందించవలసింది పంచాంగాన్ని.

రెండో దోషి గిన్నె. తండా అమ్మాయిలు వెదురు బుట్ట ఎందుకు వాడతారో గాజు గిన్నె వాడినవాళ్ళకు బాగా తెలుస్తుంది. రోజుకు మూడుసార్లు నీళ్ళు పోసినా బుట్టలో చుక్క నిలవదు. అడుగున కన్నం లేని గిన్నెలో పోసిన ప్రతి చుక్కా వేళ్ళ కిందే చేరి మగ్గుతుంది. అందం కోసం గాజుగిన్నె కావాలనుకుంటే లోపల చిల్లుల డబ్బాలో నారు పెంచి, పండుగ పూట మాత్రం దాన్ని గిన్నెలో దించుకోవచ్చు.

గింజ కొనడం దగ్గరా తికమక ఉంది. కిరాణా కొట్టులో జరిగే మాటలు ఇలా ఉంటాయి:

"గోధుమలు పాయసానికా అక్కా, పిండికా?"

"మొలకలకు అన్నా."

"అట్లయితె పిండి గోధుమలే తీస్కపో. పాయసం గోధుమకు పొట్టు పోయింది, అది మొలుస్తదా?"

కొట్టతను చెప్పింది నిజం. పొట్టుతో పాటు మొలకెత్తే మొన కూడా అరిగిపోతుంది. డబ్బాల్లో వచ్చే తెల్ల బార్లీదీ అదే కథ. విత్తనాల దుకాణంలో దొరికేవి మొలవడానికి శ్రేష్ఠమే. ధ్రువీకరించిన గోధుమ విత్తనానికి కనీసం 85 శాతం మొలక ఉండాలన్నది నియమం. కానీ వాటికి తరచుగా గులాబీ రంగు శిలీంద్రనాశిని పట్టించి ఉంటుంది. ఆ నారు చూడ్డానికే. జ్యూసుకూ, ఆవుకూ పనికిరాదు.

ఇక గిన్నెలో జరిగేది. రాత్రంతా నానిన గింజలను తడి కోకోపీట్ మీద గింజ పక్కన గింజ ఆనేలా, మీద మీద పడకుండా పరచాలి. మొదటి రెండు రోజులు తడిగుడ్డ కప్పి చీకట్లో ఉంచాలి. ఎరువు అక్కర్లేదు, నిజానికి మట్టే అక్కర్లేదు: తొలి వారం పది రోజులు మొక్క బతికేది గింజలో దాచుకున్న పిండి మీద. రెండోనాటికో మూడోనాటికో వేళ్ళ చుట్టూ తెల్లటి నూగు కనబడుతుంది. బూజనుకుని బుట్టదాఖలు చేసేవాళ్ళు ఇక్కడే ఎక్కువ. అది వేరు నూగు. నీళ్ళు చిలకరిస్తే వేరుకు అంటుకుపోయి కనబడకుండా పోతుంది, ఆరితే మళ్ళీ పొంగుతుంది. బూజైతే బూడిదరంగులో, సాలెగూడులా గింజ మీద నుంచి గింజ మీదకు పాకుతుంది, నీళ్ళు పడినా కదలదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది. ఐదోనాటికి గుడ్డ తీసిన గిన్నెలో లేతాకులు తెల్లటి గొట్టంలాంటి తొడుగును చీల్చుకుని వస్తాయి. తెల్లవారి లేచి చూస్తే ప్రతి ఆకు కొసనా ఒక్కో నీటిబొట్టు. ఫ్యాను తిరిగే గదిలో మంచెలా కురిసిందని పిల్లలు అడుగుతారు. అది మంచు కాదు. రాత్రిపూట ఆకుల నుంచి ఆవిరి తగ్గినప్పుడు వేరు కిందినుంచి తోసిన నీళ్ళు ఆకు కొసన ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి ఇలా బయటపడతాయి. బొట్లు కనబడ్డాయంటే వేరు ఆరోగ్యంగా ఉందని గుర్తు.

నీళ్ళ విషయం కూడా చెప్పాలి. బోరు నీళ్ళు వాడే అపార్ట్‌మెంట్లలో నాలుగు రోజులకే కోకోపీట్ మీద తెల్లటి ఉప్పుపొర తేలుతుంది, ఆకుకొసలు మాడతాయి. తాగే నీళ్ళే చిలకరించడం మేలు. ఇంత బుల్లి గిన్నెకు రోజుకు గ్లాసెడు చాలు.

వెలుతురు దగ్గర ఆచారానికీ అలంకారానికీ దారులు వేరవుతాయి. చీకటి గదిలో పెంచిన నారులో పత్రహరితం తయారు కాదు, లేత పసుపు రంగులో సన్నగా సాగుతుంది. నేపాలీలు దసరాకు పెంచే జమరా అలా బంగారు పసుపులో రావాలనే చీకట్లో దాస్తారు. పండుగనాడు అదే తలలో, చెవిపైన పెట్టుకుంటారు. తమిళ ఊళ్ళలో అమ్మవారి ములైప్పారి కూడా చాలాచోట్ల మూసిన గదిలోనే పెరుగుతుంది. పూజగదికి పసుపు శుభం. టీపాయ్‌కి మాత్రం పచ్చన కావాలి, అందుకు కిటికీ వెలుతురు కావాలి. కిటికీ దగ్గర పెడితే ఉప్పల్ పడమటెండ మధ్యాహ్నం రెండింటికి గిన్నెను ఉడకబెడుతుంది. తూర్పు కిటికీ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. మిగిలినవాళ్ళు పొద్దున రెండు మూడు గంటలు బాల్కనీలో ఉంచి లోపలికి తెచ్చుకోవడమే.

ఎంత బాగా పెంచినా ఈ పచ్చదనం వారం. గింజలో పిండి అయిపోగానే కింది నుంచి పసుపెక్కి తలవాల్చేస్తుంది. గడ్డిజాతి గనుక పెరిగే మొన అడుగునే ఉంటుంది, కత్తిరిస్తే ఇంకోసారి వస్తుంది, కానీ పల్చగా, నీరసంగా. అంత ఇరుకులో వెన్ను తీయడమన్నది కల్ల. దీన్ని మనీప్లాంటులా ఏడాది నిలబెట్టాలని చూసేవాళ్ళకు నిరాశ తప్పదు. తిరుమల పాలికలకూ, తండా బుట్టలకూ, ఇరానీ పళ్ళేలకూ అన్నిటికీ నీళ్ళలో కలిపే రోజు ముందే రాసిపెట్టి ఉంది. అలంకారంగా మారినప్పుడు మనం వదిలేసింది ఆ ఒక్క రోజునే.

జ్యూసు సంగతి క్లుప్తంగా. గోధుమగడ్డి రసాన్ని సర్వరోగ నివారిణిగా ప్రచారం చేసింది అమెరికాలో ఆన్ విగ్‌మోర్. పత్రహరితానికీ హిమోగ్లోబిన్‌కూ నిర్మాణంలో పోలిక ఉన్నమాట నిజమే, ఒకదాని నడుమ మెగ్నీషియం, రెండోదాని నడుమ ఇనుము. అంతమాత్రాన ఆకు రసం కడుపులోకి వెళ్ళి నెత్తురైపోదు. 2002లో ఇజ్రాయెల్‌లో పెద్దపేగు పూత ఉన్న 23 మందిపై జరిగిన పరీక్షలో కొంత ఉపశమనం కనిపించింది. 2004లో చండీగఢ్ పీజీఐ వైద్యులు తలసీమియా పిల్లల్లో కొందరికి రక్తం ఎక్కించవలసిన అవసరం తగ్గిందని ఒక చిన్న ప్రాథమిక అధ్యయనంలో రాశారు. రెండూ ఆసక్తికరమైనవే, రెండూ చిన్నవే. వీటి మీద ఆధారపడి మందులు మానేయడం తెలివితక్కువ. ఇంకో మాట: అలంకారానికి పెంచిన, బూజు తగిలే అవకాశమున్న గిన్నెలోంచి కోసి పచ్చిగా తాగడం నాకైతే అసలు నచ్చదు. జ్యూసుకు కావాలంటే వేరే ట్రే వేసుకోవాలి.

గోధుమే ఎందుకు, మన గింజలు లేవా అని అడిగేవాళ్ళున్నారు. ఉన్నాయి. మెంతులు ఎండకు గోధుమకన్నా ఓర్చుకుంటాయి, వారంలో గుబురుగా వస్తాయి, పండుగ అయ్యాక పప్పులోకి పోతాయి. పెసలు వేగంగా లేస్తాయి కానీ నిలబడవు, మూడోనాటికే ఒరిగిపోతాయి. వడ్లకు నీళ్ళు నిలిచినా ఫరవాలేదు, గాజుగిన్నెకు సరిగ్గా సరిపోయే గింజ అదే, ఎందుకో దాన్ని ఎవరూ వేయరు. వేడికి నిజంగా తట్టుకునేది జొన్న. ముదురాకుపచ్చగా, వెడల్పాకుతో గోధుమకన్నా అందంగా ఉంటుంది. కానీ లేత జొన్నలో విషం ఉంటుంది. రైతులు నాము అంటారు. లేత పైరు మేసిన పశువు గంటల్లో ఊపిరాడక పడిపోతుంది, ఆకులో పుట్టే సైనైడ్ వల్ల. పిల్లలు, కుక్కపిల్లలు తిరిగే ఇంట్లో జొన్న నారు టీపాయ్ మీద పెట్టకూడదు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, అపార్ట్‌మెంట్‌లో పుట్టిన తరానికి చెప్పాలి.

గడ్డి పెంచి బతికిన చరిత్ర ఈ ప్రాంతానికి దండిగానే ఉంది. ఉప్పల్ భగాయత్ పేరులోనే తోటలున్నాయి. భగాయత్ నుంచి పీర్జాదిగూడ, పర్వతాపురం మీదుగా మూసీ వెంట మురుగునీటితో పారాగడ్డి పెంచి నగరంలోని బర్రెల కొట్టాలకు అమ్మి సంసారాలు ఈదినవాళ్ళు ఎందరో. 2000 తర్వాత అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు వచ్చి ఆ సాగును లెక్కలు కట్టి రాశారు. ఇప్పుడు ఆ నేలల్లో చాలాభాగం ప్లాట్లు. మిగిలినచోట్ల ఏ రోజుకారోజు కోసి మోపులు కట్టే పని ఇంకా సాగుతోంది. ఏటి ఒడ్డున ఎకరాల్లో పెరిగిన గడ్డిని అభివృద్ధికి అడ్డమనుకున్న ఊళ్ళో, గిన్నెలో దోసెడు గడ్డికి రిబ్బను కట్టడం చూస్తే నవ్వొస్తుంది. అయినా నాకు ఆ గిన్నె మీద కోపం లేదు.

పండుగ అయ్యాక దాన్నేం చేయాలన్నది మిగిలింది. పారే నీళ్ళలో కలపాలనే పట్టింపుంటే ఉప్పల్ చుట్టుపక్కల అంత పారే నీళ్ళు మూసీలోనే ఉన్నాయి, ఆ నీళ్ళ సంగతి తెలిసిందే. నల్లచెరువు, హెచ్‌ఎంటీ నగర్ చెరువు ఇప్పటికే వినాయకుల భారం మోస్తున్నాయి. కోకోపీట్‌తో సహా కుండీలో బోర్లించి పైన గుప్పెడు మట్టి కప్పితే నెల తిరక్కుండా కలిసిపోతుంది. ఆవుకు పెట్టాలనుకుంటే ముందు రిబ్బను విప్పాలి, కింది గింజల్లో బూజు లేదని చూసుకోవాలి, గులాబీ రంగు విత్తనం వేసి ఉంటే ఆ ఆలోచనే మానుకోవాలి.